సున్నం పట్టని మూల

"తాళం పగల్లేదు. గ్రిల్లు వంగలేదు. తాళంచెవులు రెండే రెండు. ఒకటి సెక్రటరీ గారి దగ్గర, ఇంకోటి ఈ లాజరు మొలతాడుకి. ఇంకా ఏం కావాలమ్మాయ్ నీకు?"

శ్రీమన్నారాయణ ఫైలు మూసి, ఇక అయిపోయిందన్నట్టు దానిమీద అరచెయ్యి పెట్టాడు. పోలీసు ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరై బాపట్లలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. వసారా గూట్లోంచి పాత సిలువరాయి పోయిందని రేవుదిబ్బ చర్చి కమిటీ ఆయన్ని నిన్న పొద్దున పిలిపించింది. ఇరవై నాలుగు గంటలు తిరక్కుండానే దొంగ పేరు రాసి ఇచ్చేశాడు.

తెనాలి నుంచి వచ్చిన డిటెక్టివ్ కరుణశ్రీ చర్చి ఆఫీసు గోడ గడియారం చూసింది. మంగళవారం, మధ్యాహ్నం రెండూ ఇరవై.

"లాజరు గారితో మాట్లాడాలి."

"మాట్లాడు. సెక్రటరీ కిరణ్ కుమార్ గారు తెనాలి స్టేషనుకి వెళ్ళారు, హైదరాబాద్ నుంచి ఆ రాళ్ళ పరిశోధన మేడమ్ వస్తోందిగా, తీసుకురావడానికి. ఐదింటికి వచ్చేస్తారు. రాగానే పోలీసు స్టేషనుకెళ్ళి కంప్లయింటు ఇస్తాం. ఆ తర్వాత ఊచల సందులోంచి మాట్లాడుకుందువు గాని."

"ఆయన్ని పెట్టిన గదికి బయట గొళ్ళెం ఎందుకు వేశారు?"

"పారిపోకుండా."

"అరవై నాలుగేళ్ళ మనిషి. తొడలో రాడ్డు ఉంది. ఎక్కడికి పారిపోతాడు సార్? మనిషిని గదిలో వేసి గొళ్ళెం పెట్టే హక్కు మీకూ లేదు, నాకూ లేదు. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు."

సమాధానం కోసం ఆగకుండా వెళ్ళి గొళ్ళెం తీసింది.

లాజరు బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. ఎవరో ఇచ్చిన టీ ముట్టుకోక మీగడ కట్టింది. నలభై ఏళ్ళుగా ఆ చర్చిలో గంట కొట్టేది, ఊడ్చేది, తలుపు వేసేది ఆయనే. ఆయన భార్య సుందరమ్మ ఈ పొద్దున మొదటి బస్సుకి రేపల్లె వచ్చి, అక్కణ్ణుంచి తెనాలి చేరి, కరుణశ్రీ ఆఫీసు తెరవకముందే మెట్లమీద కూర్చుంది. "మా ఆయన్ని దొంగంటే నేనెట్టాగో బతుకుతానమ్మా. ఆయన బతకడు" అంది. ఆ ఒక్క మాటకే కరుణశ్రీ కేసు తీసుకుంది.

"బాబాయ్, ఆదివారం సంగతి గంటల లెక్కన చెప్పండి. తొందర లేదు."

"ఆరాధన పన్నెండుకల్లా అయిపోయిందమ్మా. అందరూ వాడరేవు పెళ్ళికని బయల్దేరారు. శ్రమకాలం వచ్చేస్తోంది గదా, మళ్ళీ ఈస్టరు దాకా పెళ్ళిళ్ళుండవు. అందుకని తోసుకొచ్చాయి అన్నీ. నేను పాటల పుస్తకాలు సర్ది, ఒంటిగంటకి తలుపేసి ఇంటికెళ్ళా. అన్నం తిని నడుం వాల్చా. మూడున్నరకి సండేస్కూలు కోసం వచ్చా. గూడు ఖాళీగా ఉంది."

"తలుపు?"

"వేసింది వేసినట్టే ఉంది. గ్రిల్లూ అంతే."

గుమ్మంలోంచి శ్రీమన్నారాయణ గొంతు వినిపించింది. "నీ తువ్వాలుకి సున్నం ఎట్లా అంటింది? అది కూడా చెప్పవయ్యా అమ్మాయికి."

లాజరు తలెత్తలేదు. "గూడు తుడిచానండి."

"ఖాళీ గూడా!"

"రోజూ తుడిచేదే గదండి. రాయి లేదని చెయ్యి ఊరుకోలేదు."

శ్రీమన్నారాయణ నవ్వాడు. కరుణశ్రీ నవ్వలేదు.

"మీ కాలు ఎప్పుడు విరిగింది బాబాయ్?"

"అక్టోబరు ఇరవై. గంట మేడ మెట్టు జారి పడ్డా. తెనాలి ఆసుపత్రిలో రెండు నెలలు. డిసెంబరు ఇరవై రెండున ఇంటికొచ్చా. వచ్చేసరికి గ్రిల్లు పెట్టేశారు, పండక్కి సున్నాలూ కొట్టేశారు."

"వచ్చాక రాతిని ముట్టుకున్నారా?"

లాజరు ఆలోచించాడు. "లేదమ్మా. కాలు సరిగ్గా మడవదు గదా. వంగి లోపల చెయ్యి పెట్టలేక, గ్రిల్లు బయటే తుడుస్తున్నా. ఆదివారం ఖాళీ చూశాకే కింద కూలబడ్డా."

కరుణశ్రీ పుస్తకంలో తేదీలు రెండూ రాసుకుని కింద గీత గీసింది.

*

గూడు చర్చి వసారాలో, తలుపుకి ఎడమపక్కన ఉంది. మోకాలెత్తున మొదలై మూడడుగులు పైకి. కరుణశ్రీ ఫోనులో ఆ రాతి ఫొటో ఉంది. పోయిన సెప్టెంబరులో హైదరాబాద్ పరిశోధకురాలు అనూరాధ వచ్చి, ఏళ్ళనాటి సున్నం పొరలు జాగ్రత్తగా కడిగి తీసిన ఫొటో. పొద్దున బయల్దేరుతూ ఫోను చేస్తే, తన నోట్సుతోపాటు ఆవిడే పంపింది. మూడు మెట్ల మీద నిలబడ్డ సిలువ. నాలుగు కొసలా మొగ్గలు. మొదట్లోంచి రెండు ఆకులు చేతులెత్తినట్టు పైకి లేస్తున్నాయి. తలమీదికి ఒక పావురం ముక్కు కిందికి పెట్టి దిగుతోంది. రెండు స్తంభాలమీద రెండు మకరాలు, వాటి నోళ్ళలోంచి వంపుగా సాగిన తోరణం. తోరణం మీద ఎవరికీ చదవరాని అక్షరాలు. సిలువమీద యేసు ప్రభువు లేడు.

పన్నెండు వందల ఏళ్ళనాటిదని, అక్షరాలు పారశీక దేశానివని, ఓడల్లో వచ్చిన క్రైస్తవ వర్తకులు చెక్కించి ఉంటారని అనూరాధ చెప్పింది. ఆ మాట విన్న రోజునుంచే ఊరికి ఆ రాయి ఎవరెత్తుకుపోతారోనని భయం పట్టుకుంది. గ్రిల్లు అందుకే.

ఆమె మోకాళ్ళమీద కూర్చుని టార్చి వేసింది. గూడు అడుగున సిమెంటు అంచు. ఎడమ మూలలో, సిమెంటుకి కరుచుకుని రెండు వేళ్ళంత రాతి ముక్క. దాని పక్కన సుద్దతో '1' అని రాసి ఉంది.

"ఇది మీరు చూశారు సార్."

"చూశాను. ఫొటో తీశాను. నెంబరేశాను."

"తియ్యలేదే?"

"రాతి నుంచి రాయి కాక బంగారం ఊడుతుందా? గుంజేటప్పుడు మూల విరిగింది. అంతే."

ఆమె చిన్న ఉలితో ముక్కను ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది. ఒకవైపు సున్నం గట్టిగా, నున్నగా అంటుకుని ఉంది. గోటితో గీకింది. రాలేదు. విరిగినవైపు లోపలంతా తెల్లగా, నూకల్లా మెరుస్తోంది.

వసారా చివర సున్నం బకెట్టుతో ఏసుపాదం నిలబడి ఉన్నాడు. ఊళ్ళో గోడలన్నిటికీ వెల్ల వేసేది అతనే. చూడ్డానికొచ్చి, వెళ్ళలేక ఆగిపోయినట్టున్నాడు.

"ఏసుపాదం గారూ, క్రిస్మస్‌కి దీనికి సున్నం కొట్టింది మీరేనా?"

"నేనేనండి. మా నాయన పోయాక ఇరవై రెండేళ్ళుగా నేనే. ఈ ఏడు మాత్రం దేవుడి కార్యం జరిగిందమ్మగారూ."

"ఏంటది?"

"ఆ ఎడం మూల ఎప్పుడూ సున్నం పట్టదండి. ఎన్ని పూతలేసినా మర్నాటికి పొట్టుపొట్టుగా లేచిపోయేది. మా నాయన కూడా దాన్ని వదిలేసేవాడు. ఈసారి ఒక్క పూతకే పట్టేసింది! నేను సాక్ష్యం కూడా చెప్పానండి, ఆదివారం ప్రార్థనలో."

శ్రీమన్నారాయణ గట్టిగా నవ్వాడు. "రాసుకో అమ్మాయ్. సాక్షి నెంబరు ఒకటి, దేవుడు."

కరుణశ్రీ ముక్కను చూస్తూ ఉండిపోయింది.

"ఎందుకు పట్టేది కాదు?" అంది చివరికి.

జవాబు గేటు దగ్గర్నుంచి వచ్చింది. "మా నూనె, ఇంకేంటి?"

గంగరత్నం తలమీద చేపల గంప దించి అరుగున పెట్టింది. ఊరికి తూర్పున ఉన్న పడవలవాళ్ళ పేటలో పెద్దదిక్కు. "మీకది సిలువరాయి, మాకు పిట్టరాయి. నడి సముద్రంలో దారి తప్పినోడికి పిట్ట కనపడితే గట్టు దగ్గరున్నట్టే. అందుకని కొత్త వల దించినా, పడవ కట్టినా, ముందు పిట్టకి నువ్వుల నూనె. తాతల కాలంలో గొడవైందంట. అప్పటి పాస్టరు, మా పేటకి పెద్దైన పెద్దకాపు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఎడం మూల మాది, మిగతాదంతా వాళ్ళది. మేము గీత దాటలా, వాళ్ళూ దాటలా. మొన్న అక్టోబరులో ఆ గ్రిల్లు పెట్టి, నూనె వద్దన్నారు."

"ఎవరు?"

"ఇంకెవరు? మీ సెక్రటరీ అబ్బాయి."

శ్రీమన్నారాయణ వేలు చూపించాడు. "అదీ సంగతి! అక్టోబరులో నూనె ఆగింది, డిసెంబరులో సున్నం పట్టింది. దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. దీనికి అరగంట తగలేశావ్."

అది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. కరుణశ్రీకి తెలుసు. చేతిలోని ముక్కను మళ్ళీ తిప్పి చూసింది.

"గ్రిల్లు పెట్టేటప్పుడు రాయి తీశారా అత్తా?"

"తియ్యక? అక్టోబరు ఇరవై ఏడు. మా ఆయన, మా మరుదులు ముగ్గురు, వెదురు బొంగులేసి మోశారు. నలుగురి భుజాలూ వాచిపోయినై. శుభ్రం చేయిస్తానని సెక్రటరీ బాపట్ల పట్టుకుపోయాడు."

"తిరిగి పెట్టేటప్పుడు?"

గంగరత్నం మూతి తిప్పింది. "అదే కదా మా వాళ్ళకి కోపం. మమ్మల్ని పిలిస్తేగా! పదమూడు రోజులకి ట్రాలీ ఆటోలో తెచ్చి, ఆ అబ్బాయీ ఆటో అతనూ పెట్టేసుకున్నారు. తియ్యడానికి మేము కావాల్సొచ్చాం, పెట్టడానికి అక్కర్లా."

కరుణశ్రీ మెల్లగా లేచి నిలబడింది.

"సార్, మీ రిపోర్టులో రాయి బరువెంత రాశారు?"

"కమిటీవాళ్ళు చెప్పిందే. అరవై కేజీలు. ముసలాడైనా గోనె మీద పెట్టి ఈడ్చుకుపోగలడు."

"కమిటీ అంటే ఎవరు?"

శ్రీమన్నారాయణ ఫైలు తెరవలేదు. "సెక్రటరీ" అన్నాడు.

*

మూడున్నరకి వాళ్ళంతా చర్చి వెనక సుందరమ్మ వంటింట్లో ఉన్నారు. కరుణశ్రీ చేతిలో ఇప్పుడు రెండు ముక్కలున్నాయి. ఒకటి గూట్లో దొరికింది. రెండోది, గూటి కిందున్న పాత మెట్టు అంచు నుంచి ఉలితో తీసిన పెచ్చు. తరతరాలుగా పై మూల నుంచి కారిన నూనె పడింది ఆ మెట్టుమీదే.

"ఈ పక్కల రాయి పుట్టదు. మెట్టు కూడా ఆ రాతితోపాటే వచ్చిందని అనూరాధ గారు రాశారు. రంగూ రేణువూ ఒకటే. పిన్నిగారూ, పెనం పొయ్యిమీద పెట్టండి."

సుందరమ్మ అట్ల పెనం పెట్టింది. కరుణశ్రీ రెండు ముక్కలూ దానిమీద వేసింది.

"దోసెలు పోస్తున్నావా అమ్మాయ్?" అన్నాడు శ్రీమన్నారాయణ. అన్నాడే గాని బయటికి పోలేదు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. మూడో నిమిషానికి మెట్టు పెచ్చు రంగు మారింది. లోపలినుంచి చెమట పోసినట్టు తడి ఊరి, పెనంమీద నల్లగా మరక పాకింది. కాగి మాడిన నువ్వుల నూనె వాసన ఇల్లంతా నిండింది. గంగరత్నం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసి, గాఢంగా పీల్చింది.

"మా అత్త చేతి నూనె కూడా ఉంటుంది ఇందులో" అంది మెల్లగా.

రెండో ముక్క పొడిగా, తెల్లగా అలాగే ఉంది. సున్నం కొంచెం పసుపెక్కింది. అంతే.

కరుణశ్రీ గాస్ కట్టేసింది.

"రెండు నెలలు నూనె ఆపితే పైన సున్నం పట్టొచ్చు సార్, ఒప్పుకుంటాను. కానీ వందల ఏళ్ళు తాగిన నూనె లోపల్నుంచి ఎక్కడికి పోతుంది? కింద మెట్టే ఇంత కక్కింది. అసలు మూల ఇంకెంత కక్కాలి? ఈ ముక్క ఒక్క చుక్క నూనె ఎరగదు. ఆదివారం పోయింది పిట్టరాయి కాదు. దాని నకలు."

ఏసుపాదం చేతిలోంచి సున్నం బ్రష్షు జారి నేలమీద పడింది. దేవుడి కార్యమని చెప్పిన సాక్ష్యం గుర్తొచ్చిందేమో, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"అసలుది నలుగురు మోసింది. నవంబరులో తిరిగొచ్చింది ఇద్దరు దించగలిగింది. ఎవరి కళ్ళూ దానిమీద సరిగ్గా పడకుండా గ్రిల్లు. ఆ పైన క్రిస్మస్ సున్నం. రోజూ చేత్తో తడిమే ఒక్క మనిషి ఆసుపత్రిలో. సార్, అసలు దొంగతనం అక్టోబరు ఇరవై ఏడుకీ నవంబరు తొమ్మిదికీ మధ్య జరిగింది. ఆ పదమూడు రోజులూ లాజరు గారు తెనాలిలో, కాలుకి బరువు కట్టించుకుని పడుకుని ఉన్నారు. ఏ తాళంచెవీ ఆయన దగ్గర లేదు."

శ్రీమన్నారాయణ మొహంలో రంగు మారింది. కానీ ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం అంత తొందరగా లొంగదు. "నకలు పెట్టి మూడు నెలలు హాయిగా ఉన్నవాడు, మళ్ళీ దాన్నే ఎందుకు దొంగిలిస్తాడు?"

"అనూరాధ గారు మళ్ళీ వస్తానని ఉత్తరం రాశారు. ఈ నెల మూడున అందింది, సెక్రటరీకే. వచ్చేది ఇవాళ, పదో తేదీ. ఆవిడ సున్నం కడిగిందంటే నకలని తెలిసిపోతుంది. అందుకే ఎనిమిదిన మాయమైంది."

"కిరణ్ కుమార్ ఆదివారం ఆరాధనకి కూడా రాకుండా పొద్దున్నే వాడరేవు వెళ్ళాడు. పెళ్ళి ఫొటోలు చూశాను నేను!"

"ఏ టైముకి?"

ఈసారి ఫైలు తెరిచాడు. వేలు కాగితంమీద ఆగింది. "పన్నెండూ నలభై... స్టేజీ మీద. నాలుగున్నర... భోజనాల దగ్గర." వేలు అక్కడే ఉండిపోయింది.

"మధ్యలో దాదాపు నాలుగు గంటలు. కారులో రావడానికి గంటన్నర, పోవడానికి గంటన్నర. తాళంచెవి ఉన్నవాడికి, అరవై కేజీల రాయికి, మిగిలిన టైము చాలదా సార్?"

శ్రీమన్నారాయణ ఫైలు మూశాడు. ఇందాకటిలా చెయ్యి ఆనించలేదు. గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడ్డ లాజరు వైపు తిరిగాడు.

"పెద్దాయనా," అన్నాడు. "నన్ను వాడుకున్నాడయ్యా వాడు. నేనూ వాడుకోనిచ్చాను."

లాజరు పెనంమీద నల్లగా మెరుస్తున్న పెచ్చును వేలితో తాకి, చుర్రుమన్నా తియ్యకుండా, "ఇది ఆ వాసనే" అన్నాడు. సుందరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కరుణశ్రీ గడియారం చూసింది. నాలుగుకి పది నిమిషాలు తక్కువ. అప్పటిదాకా లెక్కలో వేసుకోని అంకె ఒకటి ఆమెకి చటుక్కున తట్టింది.

"సార్, అనూరాధ గారి బండి తెనాలికి ఎన్నింటికి?"

"ఒకటీ యాభై."

"తెనాలి నుంచి ఇక్కడికి గంటన్నర. మూడున్నరకల్లా ఉండాలి. కిరణ్ కుమార్ మీకు ఐదని ఎందుకు చెప్పాడు?"

ఆయన జవాబిచ్చేలోపే ఆమె నెంబరు నొక్కింది. నాలుగో రింగుకి అనూరాధ ఎత్తింది. వెనక కారు హారను, గాలి హోరు.

"నమస్తే అండి కరుణశ్రీ గారూ! మీకూ తెలిసిందా మరి? రాయి దొరికిందట!"

"ఎక్కడ మేడమ్?"

"వాడరేవులో. ఎవరో ఒడ్డున వదిలేసి పోయారట. ముందు అక్కడికే తీసుకెళ్తానన్నారు సెక్రటరీ గారు. ఇప్పుడే చీరాల దాటాం."

"మేడమ్, సెప్టెంబరులో తీసిన అచ్చు..."

"తెచ్చానండి. రాతిమీద తడి కాగితం అద్ది తీసిన అసలు అచ్చు, ఫొటోల మెమరీ కార్డు, అన్నీ నా సంచీలోనే ఉన్నాయి. కంప్లయింటుకి కావాలి, ఒక్కటీ మర్చిపోవద్దని ఆయన మరీ మరీ చెప్పారు. రాయి అసలుదో కాదో తేల్చాలంటే ఇక ఇవే గదా..."

ఎవరో పక్కనుంచి మర్యాదగా ఏదో అడిగారు. అనూరాధ "కరుణశ్రీ గారండి, తెనాలి డిటెక్టివ్" అంది.

ఫోను ఆగిపోయింది.

మళ్ళీ చేసింది. స్విచ్చాఫ్.

"నకలు పోయింది. అసలుది ఎక్కడుందో వాడికే తెలుసు" అంది కరుణశ్రీ. "నా ఫోనులోని ఒక్క ఫొటో కోర్టులో నిలవదు. ఇక ఆ రాయి ఎలా ఉంటుందో రుజువు చెయ్యగలిగేది ఆ సంచీ, ఆ మనిషి. రెండూ వాడి కార్లోనే ఉన్నాయి."

శ్రీమన్నారాయణ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "పోలీసులకి చెప్తున్నా. కానీ చీరాల నుంచి వాడరేవుకి పావుగంటే. వీళ్ళు బయల్దేరేసరికి..."

"వాడరేవులో సగం మంది మా చుట్టాలే" అంది గంగరత్నం. "కానీ నా దగ్గర ఫోనేదీ? మా మగాళ్ళంతా రేవులో వలలు కుడుతున్నారు. పరిగెత్తుకెళ్ళి చెప్పేలోపు..."

లాజరు కదిలాడు. గోడ వదిలి, ఒక కాలు ఈడ్చుకుంటూ వంటింటి మెట్లు దిగాడు. చర్చి పక్కన గంట మేడ. ఆయన పడ్డది దానిమీదనుంచే. ఆ తర్వాత తాడు కిందికి వేలాడదీశారు గాని, కుంటికాలితో బలం చాలదని కమిటీ ఆయన్ని ముట్టుకోనివ్వలేదు.

"ఏవండీ, కాలు!" అని సుందరమ్మ అరిచింది.

ఆయన ఆగలేదు. రెండు చేతులతో తాడు పట్టుకుని, ఒళ్ళంతా దానికి వేలాడదీశాడు.

రేవుదిబ్బలో ఆరాధన వేళ కాని వేళ గంట మోగేది ఒక్క తుఫానుకే. మొదటి దెబ్బకి వీధిలో మాటలు ఆగాయి. మూడో దెబ్బకి రేవువైపు నుంచి అరుపులు వినిపించాయి. ఆరో దెబ్బకి, చేతుల్లో వల దారాలు ఇంకా చుట్టుకునే ఉండగా, పడవలవాళ్ళు చర్చివైపు పరిగెత్తుకొస్తున్నారు.

"ఏంటి, ఏమైంది? సముద్రమా?"

"కాదు, పిట్టరాయి!" గంగరత్నం గేటులోంచే కేకపెట్టింది. "ఫోన్లు తియ్యండ్రా! వాడరేవులో ఎవరెవరున్నారో అందరికీ చెయ్యండి. కారు... ఏం కారయ్యా అది?"

"తెల్లది" అన్నాడు శ్రీమన్నారాయణ. నెంబరు కూడా ఆయనే చెప్పాడు.

ఇరవై ఫోన్లు ఒకేసారి చెవులకెక్కాయి. ఎవరి మాట ఎవరికీ వినిపించనంత గట్టిగా గంట మోగుతూనే ఉంది. కరుణశ్రీ రెండో చెవి మూసుకుని, ఒక కుర్రాడి ఫోనులోంచి వస్తున్న గొంతు వినడానికి వంగింది. వాడరేవు ఒడ్డున ఎవరో పరుగెడుతూ మాట్లాడుతున్నారు.

"తెల్ల కారా? కనపడింది బావా. ఇసుకలో ఆగి ఉంది. తలుపులు రెండూ తెరిచే ఉన్నై... లోపల ఎవరూ లేరు."

ఒక్క క్షణం గాలి హోరు తప్ప ఏమీ లేదు.

"ఒడ్డున మా నాగన్న పడవ లేదు బావా. ఇప్పుడే ఎవరో దింపినట్టున్నారు... ఇద్దరు మనుషులున్నారు దాంట్లో."